గాలి చొరని గూడు కోళ్లను కాపాడదు

ఈ నెలలో ఆ సందేశం నాకు ఆరోసారి వచ్చింది. "పెరటి తోట, పెరటి కోళ్లు: ఏ ప్రాంతంలోనైనా, ఏ కాలంలోనైనా తప్పక పనిచేసే తొమ్మిది సూత్రాలు" అని శీర్షిక. కింద రంగురంగుల బొమ్మలు, చివర "మీ ఆత్మీయులందరికీ పంపండి" అనే అభ్యర్థన. పంపినవాళ్లందరూ నా మేలు కోరేవాళ్లే. వాళ్లలో ఇద్దరు ఈ మధ్యే తొలిసారి కోడిపిల్లలను తెచ్చుకున్నారు. ఆ తొమ్మిదింటినీ అక్షరాలా పాటించబోతున్నామని వాళ్లు చెప్పాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు చిన్నవి వదిలించుకుందాం. మొదటి సూత్రం ప్రకారం పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవు. పెడతాయి. పుంజు కావలసింది పిల్లల కోసం, గుడ్ల కోసం కాదు. రెండో సూత్రం ప్రకారం గోధుమ రంగు గుడ్డులో బలం ఎక్కువ. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, లోపలి బలం అది తిన్న మేతను బట్టి వస్తుంది. మూడోది, మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తే నీటి బొట్లు భూతద్దాల్లా మారి ఆకులను కాల్చేస్తాయన్నది. 2010లో హంగేరీ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి ప్రచురించారు. నున్నటి ఆకు మీద నిలిచిన బొట్టు ఆకును కాల్చలేదు. ఆకు ఉపరితలానికి కాస్త పైన బొట్టును పట్టి ఉంచే నూగు ఉన్న కొన్ని మొక్కల్లో మాత్రమే ఆ అవకాశం కనిపించింది. ఉదయం నీళ్లు పోయడం మంచిదే, నీరు ఆవిరై పోకుండా వేళ్లకు అందుతుంది కాబట్టి. కానీ ఎండకు వాలిపోయిన నారును కళ్ల ముందు చూస్తూ, సూత్రం ఒప్పుకోదని సాయంత్రం దాకా ఆగకండి. అప్పటికి అది బతికి ఉండకపోవచ్చు.

నాలుగో సూత్రం దగ్గర అసలు సమస్య మొదలవుతుంది. "ఎత్తుగా పెరిగే మొక్కలను ఉత్తరం వైపు నాటండి, టమాటా నారు మార్చిలో పోయండి, రోజంతా నేరుగా ఎండ తగలనివ్వండి." ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ సందేశం రాసినవారి కలం ఆగిపోయేది. ఎత్తు మొక్కల నీడ పొట్టి మొక్కల మీద పడకూడదన్నది సరైన మాటే. కానీ ఉత్తరార్ధ గోళంలో ఉత్తరాన నాటితే తీరే ఆ పని, దక్షిణార్ధ గోళంలో దక్షిణాన నాటితేనే తీరుతుంది. భూమధ్యరేఖకు దగ్గరలో సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు ఉత్తరంగా, కొన్నాళ్లు దక్షిణంగా నడుస్తాడు. ఇక మార్చి అంటే ఒకచోట నేల ఇంకా గడ్డకట్టి ఉండే నెల, ఇంకోచోట ఎండలు ముదిరే నెల, మరోచోట చలికాలానికి ముందు వచ్చే నెల. పగటి వేడి 35 డిగ్రీలు, రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. రాత్రి చలి 10 డిగ్రీల కంటే దిగినా కాయ నిలవదు. అంటే నాటే రోజును నిర్ణయించేది మీ దగ్గర పూత వేళకు ఉండే రాత్రి ఉష్ణోగ్రత, క్యాలెండరులోని నెల పేరు కాదు. మండే ఎండలున్న చోట మధ్యాహ్నం వేళ సగం నీడ ఇచ్చే షేడ్‌నెట్ కట్టినవాళ్ల మొక్కలే నిలబడతాయి. చల్లని, మబ్బు పట్టిన చోట అదే షేడ్‌నెట్ కడితే కాయ పండదు. ఒకే పని, రెండు ఫలితాలు. "ఏ ప్రాంతంలోనైనా" అని రాయడానికి చేయి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు.

ఐదోది, కోళ్ల ఎరువును "తాజాగా, వేడివేడిగా" మొక్కల మొదట్లో వేయమనడం. కోడి రెట్టలో నత్రజని చాలా ఎక్కువ. అది కుళ్లేటప్పుడు వెలువడే అమ్మోనియా లేత వేళ్లను మాడ్చేస్తుంది. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాక, తెగులేమో అనుకుని మందు కొట్టేవాళ్లను చూశాను. మొక్క సంగతి అలా ఉంచండి. పచ్చి రెట్టలో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఉంటాయి. ఆకుకూర పాదులో అది వేసి, వారం తిరగకముందే ఆ ఆకులను పచ్చిగా తినేవాళ్లు ఎవరు? ఇంట్లోని పిల్లలు, ముసలివాళ్లు కూడా. అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో దీనికి ఒక లెక్క ఉంది. తినే భాగం నేలకు తగిలే పంటకైతే, పచ్చి ఎరువు వేసిన తర్వాత కోతకు కనీసం 120 రోజులు ఆగాలి. తగలని పంటకు 90 రోజులు. అంతకాలం ఆగలేకపోతే కంపోస్టు చేయండి. ఎండుటాకులు, ఊక, రంపపు పొట్టు వంటివి ధారాళంగా కలిపి, తడి ఆరకుండా కుప్ప పోయండి. పొడవాటి కుప్పకు అవే నియమాలు చెప్పే కొలత: లోపలి వేడి 55 డిగ్రీలు తగ్గకుండా 15 రోజులు ఉండాలి, ఆ లోపల కనీసం ఐదుసార్లు తిరగేయాలి. పెరట్లో చిన్న కుప్ప వేసేవాళ్లకు, చలి ప్రదేశంలో ఉండేవాళ్లకు అంత వేడి పుట్టడం కష్టం. అటువంటప్పుడు నెలల తరబడి మాగనివ్వడమే దారి.

ఆరో సూత్రంలో రెండు ముక్కలున్నాయి. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లితే మొదట్లో గుడ్డు పెంకులు పాతిపెట్టమన్నది మొదటిది. ఆ కుళ్లు కాయకు కాల్షియం అందక వచ్చేదే. కానీ చాలా తోటల్లో నేలలో కాల్షియానికి కొదవ ఉండదు. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచెత్తడం వల్ల నీటితోపాటు ప్రయాణించాల్సిన కాల్షియం కాయ దాకా చేరదు. నీళ్లు క్రమం తప్పకుండా పోసి, మొదట్లో ఎండుటాకులు పరిస్తే చాలావరకు తగ్గుతుంది. పెంకు ముక్కలు ఆ పంటకాలంలో కరిగేవి కావు, ముఖ్యంగా క్షారనేలల్లో.

రెండో ముక్క, గుడ్డు పెంకులను ఎండబెట్టి, పొడి చేసి, తిరిగి కోళ్లకే పెట్టమన్నది. ఇది నిజం. ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. పెంకు రుచి మరిగితే పెట్టలు తమ గుడ్లనే పొడుచుకు తింటాయని నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను, ఇదే సందేశం పంపిన ఒక మిత్రురాలికి కూడా. ఆవిడ నా మాట వినకుండా పెంకులను బాగా వేయించి, గుడ్డు పెంకని గుర్తుపట్టలేనంత మెత్తగా దంచి, వేరే గిన్నెలో పెట్టింది. ఆమె పెట్టలు ఒక్క గుడ్డునూ పొడవలేదు. ఒక్కో గుడ్డు పెంకుకు పెట్ట దాదాపు 2 గ్రాముల కాల్షియం వెచ్చిస్తుంది. మేతలో అది చాలకపోతే సొంత ఎముకల నుంచి తీసుకుంటుంది. దాన్ని తిరిగి దానికే ఇవ్వడంలో తప్పు లేదు. ఈ విషయంలో సందేశమే సరైనది, నేను కాదు.

తొమ్మిదో సూత్రం గురించి మాత్రం ఏ మొహమాటమూ లేదు. "నీళ్లలో పసుపు, వెల్లుల్లి కలిపి ఇస్తే టీకాలు అక్కర్లేదు." పసుపు పెట్టండి, వెల్లుల్లి కొద్దిగా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) వైరస్ వల్ల వస్తుంది. ఆ తెగులును 1926లోనే గుర్తించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా వచ్చాక నయం చేసే మందు లేదు, రాకుండా ఆపే టీకా ఉంది. మెడలు వంకర తిరిగి, కాళ్లు పడిపోయి, మూడు నాలుగు రోజుల్లో గూడు గూడంతా ఖాళీ అవడం చూసినవారెవరూ ఈ వాక్యం రాయరు. టీకా అక్కర్లేదని ధైర్యంగా చెప్పేవాళ్లు, ఆ చనిపోయిన కోళ్లను పాతిపెట్టడానికి కూడా వస్తారా?

ఏడో సూత్రాన్ని కావాలనే చివరికి ఉంచాను, దాంతోపాటే ఎనిమిదోదాన్నీ. ఏడోది ఇది: "చలి, వాన కాలాల్లో గూడును నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టాలతో సందు లేకుండా మూసి, లోపల రాత్రంతా వేడి బల్బు వెలిగించండి. కోళ్లు వెచ్చగా ఉంటాయి, గుడ్లు ఆగవు." తొమ్మిదింటిలోకీ దయగా వినిపించే మాట ఇదే. అందుకే అందరూ ముందు దీన్నే పాటిస్తారు. నేనూ పాటించాను.

నా మొదటి చలికాలంలో ఏడు పెట్టలున్న చిన్న గూడును ఇలాగే బిగించాను. మొదటి రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. రెండు వారాలకు పట్టా లోపలివైపు ధారలుగా నీళ్లు కారుతున్నాయి. పరిచిన పొట్టు ముద్ద ముద్దయింది. మూడో వారంలో రెండు పెట్టల తురాయి కొసలు నల్లబడ్డాయి. ఒకదాని కన్ను వాచి మూసుకుపోయింది, ఊపిరి తీస్తుంటే గురగురమని చప్పుడు. చలి ఇంకా లోపలికి వస్తోందనుకుని ఇంకో పట్టా కట్టాను. ఆ పెట్ట నాలుగు రోజుల తర్వాత చనిపోయింది. దాన్ని చంపింది చలి కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

కోడి శరీర వేడి 41 డిగ్రీలకు పైమాటే. ఈకల కింద ఉండే మెత్తటి నూగు గాలిని పట్టి ఉంచి ఆ వేడిని కాపాడుతుంది. పొడిగా ఉన్నంతకాలం, వయసొచ్చిన ఆరోగ్యమైన కోడి మనం ఊహించలేనంత చలిని తట్టుకుంటుంది. వెడల్పాటి కర్ర మీద కూర్చుంటే కాలివేళ్లను కూడా తన పొట్ట ఈకలతోనే కప్పుకుంటుంది. దాన్ని దెబ్బతీసేది తడి. రెట్టలో నాలుగింట మూడు వంతులు నీరే. రాత్రంతా ఊపిరి ద్వారా వదిలే తేమ వేరే. మూసిన గూట్లో అదంతా ఎటూ పోలేక గోడలకు, ఈకలకు, తురాయికి పడుతుంది. తడిసిన తురాయే ముందు గడ్డకట్టి చచ్చుబడుతుంది. తడి పొట్టులోంచి అమ్మోనియా లేస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు దాటకూడదని కోళ్ల పెంపకంలో పెట్టుకున్న హద్దు. అది శ్వాసనాళంలోని సన్నని నూగును దెబ్బతీస్తుంది. ఆ నూగు పోతే దుమ్మునూ సూక్ష్మజీవులనూ బయటికి నెట్టేది ఉండదు. నా పెట్ట గురగురకు కారణం అదే.

కాబట్టి గాలి ఆడాలి. అయితే ఎక్కడ ఆడాలన్నదే కీలకం. కోళ్లు కూర్చునే ఎత్తులో ఈదురుగాలి తగలకూడదు, ఈకలు విడిపోయి వెచ్చని గాలి కొట్టుకుపోతుంది. వాటి తలలకు బాగా పైన, కప్పు కింద, ఏడాది పొడవునా తెరిచి ఉండే జాలీ సందులు ఉండాలి. తేమ, వేడి గాలి అక్కడి నుంచి వెళ్లిపోతాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే, మంచు దట్టంగా కురిసే ఈశాన్య అమెరికాలో ముందువైపు తెరిచి ఉంచిన గూళ్లలో కోళ్లను పెంచారు. అక్కడే అవసరం లేకపోయిన ప్లాస్టిక్ పట్టా, అంతకంటే వెచ్చటి ప్రాంతాల్లో ఉన్న మీకు ఎందుకు?

ఆ వేడి బల్బు ఇంకా ఘోరం. ఎండిన పొట్టు, ఎగిరే ఈకలు, దుమ్ము నిండిన చెక్క గూట్లో 250 వాట్ల బల్బును వేలాడదీయడమంటే నిప్పు పెట్టడానికి అన్నీ సిద్ధం చేయడమే. ఒక్క కోడి ఎగిరి తగిలితే చాలు. నిప్పు అంటకపోయినా, ఆ వేడికి అలవాటుపడిన కోళ్లు కరెంటు పోయిన అర్ధరాత్రి ఒక్కసారిగా చలిలో పడతాయి. వేడి కావలసింది ఈకలు రాని పిల్లలకు. వాటికి కూడా వారం వారం తగ్గిస్తూ పోవాలి. ఇక గుడ్ల సంగతి. చలికాలంలో గుడ్లు తగ్గేది ప్రధానంగా పగలు కుంచించుకుపోవడం వల్ల. పెట్ట నిండుగా గుడ్లు పెట్టడానికి రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. తప్పనిసరి అనుకుంటే తెల్లవారుజామున కొద్దిసేపు చిన్న దీపం చాలు. రాత్రంతా వెలిగించి దాని నిద్రను చెడగొట్టాల్సిన పని లేదు. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నవారికి పగటి పొడవు పెద్దగా మారదు కాబట్టి చలికాలపు ఈ తగ్గుదల అంతగా ఉండదు.

ఎనిమిదోది దీనికి అచ్చంగా తోబుట్టువు: వేసవిలో రోజుకు రెండుసార్లు గూటి నిండా నీళ్లు చల్లమన్నది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, ఊపిరితో తేమను వదిలి చల్లబడుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, పెంకుకు చేరాల్సిన కాల్షియం చేరక గుడ్డు పెంకులు పలచబడతాయి. పొడిగాలి వీచే చోట నీటి తుంపర నిజంగా ప్రాణం పోస్తుంది. ఉక్కపోతగా ఉండే తీర ప్రాంతంలో, గాలి ఆడని గూట్లో అదే తుంపర గాలిని ఇంకా తేమతో నింపుతుంది. అప్పుడు రొప్పినా చల్లబడటం కుదరదు. అక్కడ కావలసినవి నీడ, గాలి, రోజులో పలుమార్లు మార్చే చల్లని తాగునీళ్లు. మేతను తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేస్తే, అరుగుదలతో పుట్టే వేడి మధ్యాహ్నపు వేడికి తోడవ్వదు.

ఆ ఇద్దరు కొత్తవాళ్లకు నేను అడిగేది ఒక్కటే. గూటి చుట్టూ పట్టా ఇప్పటికే కట్టేసి ఉంటే, రేపు తెల్లవారుతూనే, తలుపు తెరిచి గాలి ఆడనివ్వకముందే, కోళ్లు కూర్చునే ఎత్తుకు వంగి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి. రోజూ అలవాటైన ముక్కుకు వాసన తెలియకపోవచ్చు, అందుకని ఇంకొకరిని కూడా పిలవండి. కళ్లు మండినా, పట్టా లోపలివైపు చేత్తో తుడిస్తే తడి తగిలినా, కప్పు కింది పట్టాను అప్పుడే కోసేయండి.