మీ రాష్ట్రంలో ఎంత మిగులుతుంది, బావా?

ఏటా సెప్టెంబరులో అమెరికా సెన్సస్ బ్యూరో రాష్ట్రాలవారీగా కుటుంబ ఆదాయాల అంకెలు బయటపెడుతుంది. ఆ వారమంతా మా బావమరిది ఫోన్లు ఆగవు. వాడుండేది టెక్సస్‌లో, ఫ్రిస్కో. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో. "బావా, మీ రాష్ట్రం పైనే ఉందిలే. ఇంతకీ నెలాఖరుకి నీకేం మిగులుతోందో చెప్పు" అని మొదలుపెడతాడు. నేను ఇక్కడి స్కూళ్ళ గురించి చెబుతాను, వాడు స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదంటాడు. మా ఆవిడ స్పీకర్ ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

వాడనేదాంట్లో నిజం లేకపోలేదు. 2023 అంకెలు చూడండి. ఇళ్ళన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే నట్టనడుమ వచ్చే ఇంటి ఆదాయం (మధ్యస్థ ఆదాయం అంటారు) మాసచుసెట్స్‌లోనూ న్యూజెర్సీలోనూ ఏడాదికి 99 వేల డాలర్ల పైచిలుకు. ఆ రెండింటి మధ్య తేడా వంద డాలర్లు కూడా లేదు. అట్టడుగున మిసిసిపీ, 54 వేల చిల్లర. కాలిఫోర్నియాలో 95 వేలు దాటింది, టెక్సస్‌లో 76 వేల లోపు. ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే.

కానీ రాష్ట్రానికో ధర ఉంది కదా. అద్దె దగ్గర్నుంచి కటింగ్ షాపు దాకా ధరల తేడాని వాణిజ్య శాఖ కింద ఉండే బీఈఏ (బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్) కొలుస్తుంది. దేశం మొత్తం సగటు 100 అనుకుంటే కాలిఫోర్నియా 112 దాటుతుంది, న్యూజెర్సీ 109 దరిదాపుల్లో ఉంటుంది, టెక్సస్ 97, మిసిసిపీ 87. ఈ లెక్కన ఆదాయాల్ని సర్ది చూస్తే కాలిఫోర్నియాకీ టెక్సస్‌కీ మధ్య కనిపించిన 20 వేల తేడా ఏడు వేలకి దిగిపోతుంది. ఇది చెప్పాక మా బావమరిది రెండు రోజులు చాలా సంతోషంగా ఉన్నాడు.

అసలు రాష్ట్రం పేరు పెట్టి మాట్లాడటమే మనకి పెద్దగా అతకదు. ఆర్కన్సాస్ ఆదాయంలో కింది వరసలో ఉంటుంది, ధరల్లోనూ అందరికన్నా చవక రాష్ట్రాల్లో ఒకటి. అక్కడ బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం చుట్టూ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ జీతాలకీ ఆర్కన్సాస్ మధ్యస్థ ఆదాయానికీ సంబంధం లేదు. వర్జీనియాలో ఆష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీలో మధ్యస్థ కుటుంబ ఆదాయం 1,70,000 డాలర్లు దాటింది. దేశంలో అంత ఆదాయమున్న కౌంటీలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అదే వర్జీనియాలో నైరుతి మూలన ఉన్న బొగ్గు కౌంటీలకి ఒకసారి వెళ్ళి చూస్తే, రెండూ ఒకే రాష్ట్రమంటే నమ్మబుద్ధి కాదు.

పన్ను సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే దాని మీద మనవాళ్ళందరూ పీహెచ్‌డీలే. ఆలుమగలిద్దరికీ కలిపి రెండు లక్షల డాలర్ల పన్ను ఆదాయం ఉంటే న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వానికి దాదాపు 8,700 కట్టాలి. టెక్సస్‌లో సున్నా. ప్రాపర్టీ టాక్స్ రెండు చోట్లా వాతలు పెట్టేదే. మా రాష్ట్రంలో సగటు బిల్లు 2024లో మొదటిసారి 10 వేలు దాటింది. టెక్సస్‌లో హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంతింట్లో ఉండేవాళ్ళకి పన్నులో ఇచ్చే తగ్గింపు, కొంత ఊరట, వడగళ్ళ వానల పుణ్యమా అని ఇంటి ఇన్సూరెన్స్ కొంత మంట. అన్నీ పోనూ మా బావమరిదికి నాకన్నా ఏడాదికి కొన్ని వేలు మిగులుతాయి. ఒప్పుకున్నాను. ఆ కొన్ని వేల కోసం ఇద్దరం పదిహేనేళ్ళుగా గొంతు చించుకుంటున్నాం. అసలు తేడా ఉన్నది ఇంకో చోట.

రాబడి వేరు, ఆస్తి వేరు. ఈ ఏడాది వాగులో నీళ్ళు ఎంత పారాయన్నది రాబడి. చెరువులో ఎంత నిలిచిందన్నది ఆస్తి. వాగు లెక్క ప్రతి రాష్ట్రానికీ ఏటా వస్తుంది. చెరువు లెక్క అంత తేలిగ్గా దొరకదు. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్ళకోసారి ఇంటింటి ఆస్తి అప్పుల సర్వే చేస్తుంది గానీ, దాన్ని రాష్ట్రాలవారీగా విడగొట్టి చూపదు. సెన్సస్ బ్యూరో ఇంకో సర్వేతో రాష్ట్రాల అంకెలు తీస్తుంది గానీ, చిన్న రాష్ట్రాల్లో వాళ్ళు అడిగే ఇళ్ళు తక్కువ. కాబట్టి 'అత్యంత సంపన్న రాష్ట్రాలు' అని రంగురంగుల పటం వాట్సాప్‌లో వచ్చినప్పుడు అది ఏ అంకెతో గీశారో చూడండి. చాలాసార్లు అది ఆదాయమే.

ఫెడ్ 2022 సర్వేలో దేశం మొత్తానికి నడిమి ఇంటి నికర ఆస్తి 1,93,000 డాలర్ల దరిదాపు. సగటు తీస్తే 10 లక్షల 60 వేలు. ఇంత తేడా ఎందుకో మన ఊరి భాషలో చెప్పుకుందాం. నూరు కుటుంబాలున్న ఊళ్ళో దొరకి 200 ఎకరాలు, మిగతా 99 మందికి తలా ఎకరం. సగటు తీస్తే ప్రతివాడూ మూడెకరాల ఆసామి. ఆ మూడెకరాలు ఎవరూ దున్నలేదు. అదే సర్వేలో ఆసియన్ కుటుంబాల్ని మొదటిసారి విడిగా చూపారు. నడిమి ఇంటి ఆస్తి 5,36,000. ఆ అంకె చూసి మన తెలుగు సంఘంలో చాలామంది మీసం మెలేశారు. ఆ లెక్కలో నిన్నగాక మొన్న వచ్చిన ఎమ్మెస్ విద్యార్థీ ఉన్నాడు, 1975లో వచ్చిన డాక్టరుగారూ ఉన్నారు.

నన్ను కుదిపిన అంకె వేరే. సొంతిల్లున్న కుటుంబాల నడిమి ఆస్తి నాలుగు లక్షలకి కాస్త తక్కువ. అద్దెకుండేవాళ్ళది 10 వేల పైచిలుకు. ఇది చూపించి "అందుకే ఇల్లు కొనమంటున్నాం" అని రియల్టర్లు ఫ్లయర్లు అచ్చేస్తారు. సగం నిజం. డబ్బున్నవాళ్ళే ఇల్లు కొంటారు కాబట్టి కూడా ఇల్లున్నవాళ్ళ దగ్గర డబ్బు కనిపిస్తుంది. మరి సొంతిళ్ళు ఎక్కువున్న రాష్ట్రం ఏదనుకుంటున్నారు? వెస్ట్ వర్జీనియా, పదిలో ఏడుకి పైనే. ఆదాయంలో అది అడుగు నుంచి రెండో మెట్టు మీద ఉంటుంది. కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో సొంతిల్లు సగం మందికి కాస్త పైగా ఉంటుందంతే. అప్పు తీరిన చిన్న ఇంట్లో పింఛను మీద బతికే వెస్ట్ వర్జీనియా పెద్దాయన ఆదాయపు పటంలో పేదవాడు. ఏడాదికి రెండు లక్షలు తెచ్చుకుంటూ శాన్ హోసేలో అద్దె కట్టే మన కుర్రాడు అదే పటంలో ధనవంతుడు. ఇద్దర్నీ ఉద్యోగం లేకుండా ఆరు నెలలు ఉంచి చూడండి.

ఇక నేను చెప్పదలచుకున్న మాట. పెద్దవాళ్ళకి కోపం రావచ్చు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మనం ఆస్తి అంటున్నదాంట్లో మన పొదుపెంత, మనం కొన్న ఏడాది ఎంత?

2021 జనవరిలో ముప్ఫై ఏళ్ళ మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) వడ్డీ సగటున 2.65 శాతానికి పడింది. 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. ఐదు లక్షల అప్పు మీద మొదటివాడి నెల వాయిదా 2,015 డాలర్లు, రెండోవాడిది 3,600 దాకా. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే జీతం, ఒకే వీధి కావచ్చు. నెలకి దాదాపు 1,600 తేడా. నేనూ మా బావమరిదీ పదిహేనేళ్ళుగా కొట్టుకున్న పన్ను తేడా అంతా దీని ముందు పప్పులో ఉప్పు.

కాలిఫోర్నియాలో ఇది ఇంకా ఘోరం. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం ఇంటి పన్ను మూల రేటు ఒక శాతం. పన్ను కోసం చూసే విలువ, ఇల్లు చేతులు మారనంతవరకూ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. ఫ్రీమాంట్‌లో ఒకాయన 1998లో మూడు లక్షలకి ఇల్లు కొన్నాడనుకోండి. 2025లో ఆయన కట్టే మూల పన్ను 5 వేల చిల్లర. పక్కనే సరిగ్గా అలాంటి ఇంటిని 2022లో 16 లక్షలకి కొన్న జంట కట్టేది 17 వేల దాకా. ఆయన పిల్లలు చదివేసి వెళ్ళిపోయారు. ఆ జంట పిల్ల ఇంకా కిండర్‌గార్టెన్. మన సంక్రాంతి సంబరాల్లో ఆ ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. ఆయన ఆ కుర్రాడికి పొదుపు గురించి చెబుతాడు.

"మా రోజుల్లో మేం బయట కాఫీ తాగేవాళ్ళం కాదు" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. నిజమే, తాగేవాళ్ళం కాదు. కానీ ఇవాళ్టి పిల్లలు ఇల్లు కొనకపోవడానికి కాఫీ కారణం కాదు. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఇచ్చే గడువు 60 రోజులు. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఉద్యోగం మీద వచ్చే ఈబీ-2 గ్రీన్ కార్డ్ వరస పదేళ్ళకి పైగా వెనకబడి ఉంది. ఆరేడు శాతం వడ్డీకి ముప్ఫై ఏళ్ళ అప్పు మీద సంతకం పెట్టి, 60 రోజుల గడువుతో బతకమని మనం సలహా ఇస్తున్నాం. అద్దెకుండటం వాళ్ళకి సోమరితనం కాదు, లెక్క.

అన్నట్టు, మన ఆస్తి సగం ఏ రాష్ట్రం పటంలోనూ సరిగ్గా కనపడదు. షాద్‌నగర్‌లో ప్లాటు, కొంపల్లిలో ఫ్లాటు, అమ్మ పేరు మీద ఉన్న రెండెకరాలు. ఇండియా బ్యాంకుల్లోని డబ్బంతా కలిపి 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి చెప్పే ఫారం, అడుగుతుంది. మన పేరున నేరుగా ఉన్న ప్లాటుని అది అడగదు. కాబట్టి ఎవరు ఎవరికన్నా ముందున్నారో తేల్చడానికి మనం ఆడే ఈ ఆటలో స్కోరుబోర్డే సగం ఖాళీ.

మన సంఘం ఆర్థిక సదస్సులంటే వేదిక మీద రియల్టరు, ఆయన పక్కన ఇన్సూరెన్స్ ఏజెంటు. వాళ్ళని మానిపించమనను, భోజనాల ఖర్చు వాళ్ళదే. ఒక్క మార్పు అడుగుతున్నాను. ఇంటి విలువ గురించి లేచి మాట్లాడే ప్రతి పెద్దమనిషీ కొన్న ఏడాదీ అప్పటి వడ్డీ కూడా చెప్పి కూర్చోవాలి. ముందు వరసలో ఉన్న పిల్లలకి ఆ రెండు అంకెలు వినే హక్కుంది.

నేనే మొదలుపెడతాను. కొన్నది 2003లో, వడ్డీ ఆరు శాతానికి కాస్త తక్కువ. 2012లో ఒకసారి, 2021లో ఒకసారి రీఫైనాన్స్ చేశాం, అంటే పాత అప్పు తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకున్నాం. రెండోసారి కాయితాలు పెట్టమని పోరింది మా ఆవిడ, నేను ఇంకా తగ్గుతుందని ఆగుదామన్నాను. ఇందులో నా తెలివి వాటా ఎంతో లెక్కేసి పంపుతానని మా బావమరిది అన్నాడు. రెండు వారాలైంది. ఎక్సెల్ షీట్‌లో మా ఆవిడకి ఇంకో కాలమ్ కావాలట.