కొర్రమీనుకు ఈకల గాలమా?

(దేవరకొండ దిక్కు ఒక ఊరి చెరువు కట్ట. బామ్మర్ది డెన్వర్‌లో ఉద్యోగం చేస్తూ కొలరాడో వాగుల్లో ఏళ్ళ తరబడి ట్రౌట్ అనే చల్లనీటి చేపను పట్టినవాడు, అదీ ఈకలతో చేసిన ఉత్తుత్తి పురుగును (దాన్నే ఫ్లై అంటారు) విసిరే ఫ్లై రాడ్‌తోనే. ఈసారి సెలవుకు వచ్చి అదే రకం రాడ్‌తో కొర్రమీనుల వెంట పడ్డాడు. బావకు చిన్నప్పటి నుంచి వెదురు కర్ర, ఎర్రలు, బెండు తప్ప వేరే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నేను ఎవరి వైపో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచేదేమీ లేదు.)

బావ: పొద్దున్నుంచి చూస్తున్నా, ఆ పచ్చ తాడును గాల్లో ముందుకూ వెనక్కూ ఊపుతూనే ఉన్నావు. చేపలు నీళ్ళల్లో ఉంటాయిరా.

బామ్మర్ది: ఊపకపోతే పోదు బావా. నీ గాలానికి సీసం గుండు ఉంది, ఆ బరువే దారాన్ని గుంజుకుపోతుంది. నా దాని చివర ఉన్నదేమో ఈకలూ, ఫోమూ, బరువే ఉండదు. బరువంతా ఈ లావు లైన్‌లోనే ఉంది, అది వెనక్కి పూర్తిగా సాగాక ముందుకు కొడితేనే ఫ్లై వెళ్ళి పడుతుంది.

బావ: అంటే సులువుగా అయ్యే పనిని కష్టం చేసుకోవడానికి అంత డబ్బు పోశావన్నమాట. పోయిన వేసవిలో వచ్చినప్పుడు తెచ్చిన తాడు ఏమైంది? ఎండకు ఉడికిన సేమ్యాలా మెత్తబడి రాడ్‌కే అతుక్కుపోలేదా?

బామ్మర్ది: అది చల్లని నీళ్ళ కోసం చేసిన లైన్. వేడి దేశాలకు గట్టి లోపలి దారంతో వేరే లైన్లు ఉంటాయి, ఇది అదే. రాడ్ కూడా మారింది. అక్కడ 5 నంబరు, ఇది 8 నంబరు. ఆకుల్లోంచి చేపను బయటికి ఈడ్చాలంటే ఆ బలం కావాలి.

బావ: కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! ఆ ట్రౌటో ఏదో, దాన్నే పట్టుకోక మా చెరువు మీద ఎందుకు పడ్డావు?

బామ్మర్ది: చెప్తా విను. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్ళయితే హాయి, 20 దాటితే ఊపిరాడదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది కదా, 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా పడితే 30 దగ్గర ఏడున్నరకు మించదు. అందుకే వేసవిలో కొలరాడోలో వాగు వేడెక్కితే మధ్యాహ్నం తర్వాత గాలం వెయ్యొద్దని అధికారులే అడుగుతారు. అట్లాంటి ఒక జూలైలో ఖాళీగా ఉంటే పక్కింటాయన ఊరి మధ్యలో ఉన్న చెరువుకు తీసుకుపోయాడు. బాస్, బ్లూగిల్ అని వేడి నీళ్ళ చేపలు. ట్రౌట్ వాళ్ళు వాటిని చేపలుగానే లెక్కపెట్టరు. నీటి మీద తేలే బొమ్మ ఎర పాపర్‌ను వేసి ఒక్కసారి టుప్‌మని లాగానో లేదో, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి మింగింది బాస్. వాగులో నేర్చుకున్నది అక్కడ సగం పనికిరాదు. వాగులో ట్రౌట్ రాయి చాటున ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది, తిండి దాని దగ్గరికే కొట్టుకొస్తుంది. మనం ఫ్లైని ఆ నీటి వేగంతోనే వదలాలి, ఈడ్చినట్టు కనపడకూడదు. చెరువులో ఆ ప్రవాహమేదీ? ప్రాణం మన చెయ్యే పోయాలి, గుంజాలి, ఆపాలి, మళ్ళీ గుంజాలి. ఇక చేప పట్టగానే రాడ్ పైకెత్తడం ట్రౌట్ వాళ్ళందరి అలవాటు. కొర్రమీను దగ్గర అట్లా ఎత్తావో, ఆ గట్టి నోట్లోంచి కొక్కెం జారి నీ ముఖం మీదికే వస్తుంది. బుడుంగుమన్న చప్పుడు విన్నా కదలొద్దు. రాడ్‌ను నీటి వైపే ఉంచి, లైన్ బిగిశాక ఎడమ చేత్తో సూటిగా గుంజాలి. ఆ ఒక్క క్షణం ఉంది చూడు, ఆ టెన్షన్ ఏ వాగులోనూ లేదు బావా.

బావ: బాగుంది కథ. ఇంతకీ ట్రౌట్ గొప్పదా, కొర్రమీను గొప్పదా?

బామ్మర్ది: ట్రౌట్ మన దేశానిదే కాదు. బ్రిటిష్ వాళ్ళు తెచ్చి కశ్మీర్‌లో, కులులో, నీలగిరుల్లో వదిలారు. కొర్రమీను మన రాష్ట్ర చేప, నోటితో గాలి పీల్చుకుని మడుగు బురదలోనూ బతుకుతుంది. ఫ్లై అంటే ట్రౌటే అనుకునేవాళ్ళు దీన్ని ఒక్కసారి చూడాలి.

బావ: రాష్ట్ర చేప అన్నావు కదా, అయితే ఇది చెప్పు. నిన్న ఆ తామరాకుల దగ్గర వేశావే, అక్కడ నీటి మీద ఎర్రెర్రగా కదిలే గుంపు చూశావా?

బామ్మర్ది: పిల్లలు.

బావ: పిల్లలే. వానలు పడ్డాక ఆడదీ మగదీ రెండూ కింద కాపలా ఉంటాయి. నీ బొమ్మ కప్పను అది ఆకలితో పట్టలేదురా, పిల్లల మీదికి వచ్చిందని కొట్టింది. నువ్వు దాన్ని పైకి తీసి, ఫోటో దిగి, ముద్దు పెట్టి వదిలేలోపు కింద జిలేబి చేపలు పిల్లల్ని మింగవా? నేను పట్టి కూర వండుకుంటే పాపమట, నువ్వు వదిలితే పుణ్యమట!

బామ్మర్ది: నువ్వు పాపం చేస్తున్నావని నేను అనలేదు. ఎర్ర గుంపు కనపడితే అటు వెయ్యను, సరేనా? కొక్కేనికి ఉండే ముల్లు కూడా పట్టుకారుతో అణిచేశా, నోరు చీలదు.

బావ: గుంపు కనపడితే వెయ్యవు, గడ్డి కింద ఉండి కనపడకపోతే? ఇంకోటి. ఈ చెరువు మత్స్యకారుల సంఘం వాళ్ళది. శిస్తు కట్టేది వాళ్ళు, చేప పిల్లల్ని వదిలేది వాళ్ళు. నాకంటే ఇంటికి ఒక పూట కూర అని చూసీ చూడనట్టు పోతారు. నువ్వేమో నీలాంటి వాళ్ళను పదిమందిని హైదరాబాద్ నుంచి తీసుకొస్తానంటున్నావు.

బామ్మర్ది: తీసుకొస్తే సంఘానికే డబ్బులిప్పిస్తా. చేపను పట్టి వదిలినా రోజుకు ఇంత అని కట్టాల్సిందే. వాళ్ళకు చేపా మిగులుతుంది, పైసా మిగులుతుంది. అసలు చెరువులో నీళ్ళుండాలి కదా! శికంలో, అదే చెరువు లోపలి భూమిలో, మీ చిన్నాయన వరి నాటి, నీళ్ళు పెరిగితే తూము తెరిపిస్తున్నాడు, దాని గురించి మాట్లాడవేం?

బావ: మా చిన్నాయన ఊసెందుకు? కట్ట కింద మీ నాయన కాలువ పూడ్చి కొట్టం వేసింది ఊరికి తెలియదనుకున్నావా?

బామ్మర్ది: ఆ కాలువ నేను పుట్టకముందే ఎండిపోయింది!

బావ: ఎండింది కాబట్టి పూడ్చారా, పూడ్చారు కాబట్టి ఎండిందా? మీ అక్కనడుగు, ఆమెకు బాగా గుర్తు.

(ఈ గొడవ అరగంట సాగింది, అంతా రాస్తే ఇళ్ళల్లో పంచాయితీ అవుతుంది. చివరికి అక్క ఫోన్ చేసి టిఫిన్ చల్లారిపోతోందని తిట్టాక ఇద్దరూ దిగారు.)

బావ: సరే, ఆ కప్పను ఇటు చూపించు. దేనితో చేశావు?

బామ్మర్ది: పాత హవాయి చెప్పు. రెండు పొరలు కోసి, కొక్కేనికి దారంతో చుట్టి, కాళ్ళకు రబ్బరు పోగులు కట్టా. కొక్కెం ముందు ఈ నైలాన్ తీగ వంపు ఉంది చూడు, ఇది గడ్డికి తగులుకోకుండా కాపాడుతుంది. చేప నోరు మూస్తే వంగిపోతుంది.

బావ: నేను బతికిన కప్పను గుచ్చుతా, ఇది గుచ్చక్కర్లేదు. ఒకటి ఇటియ్యి.

బామ్మర్ది: నీ వెదురు కర్రకు పనికిరాదు బావా. బరువుండదు కదా, విసిరితే పోదు.

బావ: ఎవడు విసురుతాడురా? కర్ర పద్దెనిమిది అడుగులుంది. కొసన మూరెడు దారం కట్టి, తామరాకు మీద పెట్టి, ఆకు మీంచి ఆకు మీదికి దూకిస్తా. నీ తాడు వెనక్కి పోయి తుమ్మచెట్టుకు తగులుకునే లోపల నాకు రెండు పడతాయి.

బామ్మర్ది: వదిలేస్తావా మరి?

బావ: చింతపులుసులో వదులుతా.