మైలేజీ ఒక్కసారిగా పడిపోతే పెట్రోల్‌ను తిట్టి ఊరుకోకండి

"ఈ20 వచ్చాక అందరి బండ్లదీ ఇదే కథ సార్." హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ షెడ్డుకి వెళ్లి మైలేజీ పడిపోయిందని చెప్పినా ముందు వినపడేది ఈ మాటే. బానెట్ కూడా ఎత్తకుండానే చెప్పేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అలా కలిపితే మైలేజీ తగ్గడం నిజం, కాదనను. కానీ ఎంత తగ్గుతుందనేదానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క దాటి పోయినదంతా మీ బండిలోని లోపం, దాన్ని వెతికి పట్టుకోవాల్సిందే.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌తో పోలిస్తే సుమారు మూడో వంతు తక్కువ. అంటే ఇథనాల్ అసలు లేని పెట్రోల్ కంటే ఈ20లో శక్తి 6-7 శాతం తక్కువ, 10 శాతం కలిపిన ఈ10 కంటే 3-4 శాతం తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనూ, మామూలు పెట్రోల్‌కి తయారై ఈ10కి సర్దుబాటు చేసిన కార్లకు 6-7 శాతమే నష్టమని రాశారు. దేశం మొత్తం మీద సగటున 10 శాతం కలపడం 2022 జూన్‌కి పూర్తయింది, 20 శాతానికి 2025లో చేరాం. మన ఊళ్లో బంకులన్నీ ఈ10 తాగించిన రోజులు ఎప్పుడో పోయాయి. సరే, మీ బంకులో ఒకే రోజు ఈ10 పోయి ఈ20 వచ్చిందనే అనుకుందాం. లీటరుకి 19 కిలోమీటర్లు ఇచ్చే కారు 18.3 ఇవ్వాలి. 16 ఎందుకు ఇస్తోంది?

సరిగ్గా ఇదే నా కారుకి జరిగింది. పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పటాన్‌చెరులో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ వైపు పోతే నిలకడగా 19 వచ్చేది. అది 16కి దిగింది. విచిత్రం ఏమిటంటే, కూకట్‌పల్లి నుంచి మైండ్‌స్పేస్ దాకా ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ పోయేటప్పుడు మాత్రం పెద్ద తేడా లేదు, ఒక కిలోమీటరు అటూ ఇటూ. ఆగకుండా సాఫీగా పోయే చోటే ఎక్కువ పడింది. పెట్రోల్‌దే తప్పయితే రెండు చోట్లా ఒకే నిష్పత్తిలో పడాలి కదా. ఈ చిన్న ఆలోచన సర్వీస్ సెంటర్ వాళ్లకు రాలేదు. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, డీకార్బనైజింగ్ అని ఒక ప్యాకేజీ కాగితం నా చేతిలో పెట్టారు. ఏం కొలిచారు, ఏం చూశారు అని అడిగితే జవాబు లేదు.

అసలు సంగతి ఎండాకాలంలోనే మొదలైంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోందని ఒక షెడ్డులో హోస్ మార్పించాను. ఆ మెకానిక్ హోస్‌తో పాటు థర్మోస్టాట్ కూడా పీకి పక్కన పడేశాడు. నాకు చెప్పలేదు, బిల్లులో రాయలేదు. తర్వాత నిలదీస్తే, "మన ఎండలకి అదెందుకన్నా, అది ఉంటేనే బండి హీట్ అవుతది" అన్నాడు. మాట మర్యాదగానే చెప్పాడు, నమ్మే చెప్పాడు. ఈ నమ్మకం ఒక్కడిది కాదు, మన షెడ్లలో ఏళ్లుగా ఉన్నదే. రేడియేటర్ ఫ్యాన్‌ని డైరెక్ట్ చేసి ఎప్పుడూ తిరిగేలా పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ ఈ కోవలోదే.

థర్మోస్టాట్ అంటే అరచేతిలో ఇమిడే చిన్న వాల్వు. మధ్యలో ఒక ఇత్తడి బుడిపె, చుట్టూ స్ప్రింగు, అంచు మీద అది తెరుచుకోవాల్సిన వేడి ఎంతో చెక్కి ఉంటుంది. చాలా కార్లకు 82, లేదా 88 డిగ్రీలు. బుడిపెలో మైనం ఉంటుంది. కూలెంట్ ఆ వేడికి చేరగానే మైనం కరిగి, వ్యాకోచించి వాల్వుని తోస్తుంది, అప్పుడు నీళ్లు రేడియేటర్‌కి పోతాయి. అందాకా ఇంజిన్‌లోనే తిరుగుతూ త్వరగా వేడెక్కుతాయి. బయట 42 డిగ్రీలు ఉన్నా ఇంజిన్‌కి కావాల్సింది 90 చుట్టుపక్కల. మన ఎండ దానికి ఏ మూలకీ చాలదు.

ఆ వాల్వు లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా, స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్‌లోకి పోతుంటాయి. ట్రాఫిక్‌లో గాలి తగలదు కాబట్టి ఎలాగోలా వేడెక్కుతుంది. ఓఆర్ఆర్ మీద ఎదురుగాలి ధాటికి మళ్లీ చల్లబడిపోతుంది. ఇంజిన్ ఇంకా వార్మప్‌లోనే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువిస్తుంది. ఆయిల్ చిక్కగానే ఉండి రాపిడి పెరుగుతుంది. లైటేమీ వెలగకపోవచ్చు కూడా. డ్యాష్‌బోర్డులో నీలం లైట్ ఆరిపోయిందంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కిందని కాదు, మరీ చల్లగా లేదని మాత్రమే.

నేను పట్టుకున్నది బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌తో, అంటే కారు కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరంతో. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చి, పక్క సీట్లో తమ్ముడిని కూర్చోబెట్టి ఫోన్‌లో కూలెంట్ అంకె చూడమన్నాను. నార్సింగి దాటి స్పీడందుకోగానే 84, 79, 73... వాడు చదువుతుంటే నాకు విషయం అర్థమైపోయింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో స్పీడు పెరిగితే ఆ అంకె అలా జారిపోకూడదు. కొత్త థర్మోస్టాట్ పుత్లీబౌలిలో వెయ్యి రూపాయల లోపే దొరికింది. వేయించాక ఓఆర్ఆర్ మీద మళ్లీ 18 పైనే వస్తోంది.

అందరి బండికీ ఇదే కారణమని అనడం లేదు. ముందు అసలు పడిపోయిందో లేదో సరిగ్గా కొలవండి. కారు స్క్రీన్ చూపించే అంకె కాదు. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా ట్యాంక్ ఫుల్ చేసి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. ఐదు వందలకు, వెయ్యికి కొట్టించుకుంటూ పోతే ఏమీ తెలియదు. ఓఆర్ఆర్ మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వచ్చిన మైలేజీని 120లో వచ్చినదాంతో పోల్చొద్దు, ఆ తేడాకే గాలి నిరోధం 44 శాతం పెరుగుతుంది. పంపు కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. మొహమాటపడొద్దు.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: పడిపోవడానికి ముందు బండికి ఏం చేయించాం? టైర్లు మార్చామా, బ్రేక్ ప్యాడ్లు వేయించామా, ఎక్కడైనా నీళ్లలో దిగామా. వానాకాలంలో మన రోడ్ల మీద నిలిచే నీళ్లలోంచి పోయాక క్యాలిపర్ (డిస్కుకి ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బ్రేక్ పట్టేయడం మామూలే. పావుగంట నడిపి, బ్రేక్ పెద్దగా వాడకుండా ఆగి, నాలుగు రిమ్ముల దగ్గర చెయ్యి ఉంచండి, ముట్టుకోవద్దు. ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే దొంగ దొరికినట్టే. టైర్లలో గాలి సంగతి చెప్పక్కర్లేదు, అదే ముందు చూసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చితే మైలేజీ వచ్చేస్తుందని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది కానీ మైలేజీ మీద పెద్దగా ప్రభావం లేదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ 2009లోనే పరీక్షించి తేల్చింది. ఆక్సిజన్ సెన్సర్ మీద అనుమానం ఉంటే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో, చూపించమనండి. చూపించకుండా సెన్సర్ మార్చాలంటే ఒప్పుకోకండి.

ఈ20 మీద నాకూ కోపం ఉంది. శక్తి తక్కువ ఉన్న ఇంధనానికి మనం లీటరుకి వంద రూపాయలు దాటి ఇస్తున్నాం, పాత కార్ల వాళ్లకు బంకులో ఈ10 దొరికే దారి లేదు. ఆ నష్టం గురించి ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. కానీ మూడు కిలోమీటర్లు పోతే అందులో రెండుకి పైగా మన షెడ్డు వాళ్ల ఖాతాలోది. దాన్ని ఢిల్లీ మీదికి నెట్టేస్తే రోజూ పెట్రోల్ కాల్చుకునేది మనమే.

మెకానిక్ అన్నలకు ఒక విన్నపం. ఒక సామాను తీసేస్తే తీసేశామని చెప్పండి, బిల్లు మీద రాయండి, పాతది మా చేతికివ్వండి. ఇక పోయిన ఎండాకాలంలో కూలెంట్ పని, రేడియేటర్ పని చేయించినవాళ్లు రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా ఉంటూ రేడియేటర్ పై హోస్ పట్టుకుని చూడండి. మొదట చల్లగానే ఉండి, కొన్ని నిమిషాలకు ఉన్నట్టుండి వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది, పని చేస్తోంది. మొదటి నుంచీ గోరువెచ్చగా మెల్లగా ఎక్కుతుంటే, ఆ పని చేసిన షెడ్డుకే వెళ్లి అడగండి.