నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లకండి

పది రోజులుగా గుంటూరులో నాకు తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకే సందేశం చక్కర్లు కొడుతోంది. "ఎండకు చర్మం కమలకుండా అమ్మమ్మల చిట్కాలు" అని దాని పేరు. అందులో ఐదు మాటలున్నాయి: కొబ్బరినూనె రాసుకుంటే సన్‌స్క్రీన్ అక్కర్లేదు; మన చామనఛాయ ఒంటిని ఎండ ఏమీ చేయదు; కమిలిన చోట నిమ్మచెక్క రుద్దితే నలుపు విరుగుతుంది; మంట పుడితే ఐసుముక్కో టూత్‌పేస్టో పెట్టాలి; సన్‌స్క్రీన్లు క్యాన్సర్ తెస్తాయి. పంపినవాళ్లంతా మంచి మనసుతోనే పంపారు. అయినా ఈ ఐదింటిలో ఒక్కటీ పూర్తిగా నిలబడదు.

నిమ్మచెక్కతో మొదలుపెడతాను, దాని ఫలితం మా ఇంట్లోనే చూశాను కనుక. నిరుడు ఏప్రిల్‌లో మా అక్క కూతురు రెండు చేతులకూ నిమ్మచెక్క రుద్దుకుని, కడుక్కోకుండానే డాబా మీద వడియాలు పెట్టడానికి వెళ్లింది. మర్నాటికి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి చారలు తేలాయి. రసం ఏ దారిన కారిందో ఆ దారినే, గీత గీసినట్టు. రెండో రోజుకు ఆ చారల మీద నీటిబొబ్బలు లేచాయి. చర్మవైద్యురాలు చేతులు చూడగానే, "నిమ్మకాయ ఏమైనా రాసుకున్నావా అమ్మా?" అని అడిగారు. బొబ్బలు త్వరగానే ఎండాయి కానీ, గోధుమరంగు మచ్చలు వినాయక చవితి దాటాక గానీ పోలేదు.

నిమ్మరసంలో, అంతకంటే ఎక్కువగా నిమ్మతొక్కలో, సోరలెన్ జాతి పదార్థాలుంటాయి. అవి అంటిన చర్మానికి ఎండలోని, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు తగిలితే కణాలు దెబ్బతిని కాలినట్టే అవుతుంది. బొల్లి మచ్చల మీద బావంచాలు అనే గింజలు నూరి రాసి ఎండ చూపించే వైద్యం మనకు తెలిసిందే. తెల్లబడిన చోట రంగు తిరిగి రావాలని చేసే ఆ వైద్యంలో పనిచేసేదీ సోరలెనే. అంటే నలుపు విరగడానికని మనం రుద్దుకుంటున్నది నలుపు తెచ్చే మందుకు చుట్టం.

కొబ్బరినూనె సంగతి వేరు. రాత్రిపూట పొడిబారిన కాళ్లకు, చేతులకు దానికి మించినది లేదు. ఎండను ఆపే శక్తి మాత్రం దానికి చాలదు. ప్రయోగశాలలో కొలిచినప్పుడు కూడా దాని ఎస్‌పీఎఫ్, అంటే చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, పది లోపే తేలింది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ సరిగ్గా రాసుకుంటే చర్మాన్ని కమిలించే కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. పైగా మన చెమటకు ఆ నూనె ఎంతసేపు నిలుస్తుంది? ఇప్పటికే కమిలిన చర్మం మీద నూనె, వెన్న, నెయ్యి రాస్తే లోపలి వేడి బయటికి పోదు.

అమ్మమ్మలు ఎండకు నూనెనే నమ్ముకున్నారనడం నన్ను మరీ బాధపెడుతోంది. మార్చిలో ప్రత్తిపాడు వైపు వెళ్లి మిర్చి కల్లాలు చూడండి. కాయలు ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. తలకూ చెవులకూ మెడకూ కలిపి తువ్వాలు చుట్టి, ముడి గడ్డం కింద బిగిస్తారు. కళ్లు, ముక్కు తప్ప ఏమీ కనిపించవు. తెల్లవారకముందే చేలోకి దిగి, ఎండ ముదిరేసరికి చెట్టు నీడకు చేరాలని చూస్తారు. తలపాగా, తాటాకు గొడుగు, వేకువ పని, మధ్యాహ్నం నీడపట్టు: మన పెద్దలు ఎండను కాచుకున్నది వీటితోనే. ఇందులో నేటి వైద్యులు కాదనేది ఏదీ లేదు. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండను తప్పించుకోమనే వారూ చెబుతున్నారు.

చామనఛాయ మాటలో కొంత నిజం ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాపలా కాస్తుంది, కానీ పూర్తిగా ఆపదు. మన ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనిపించదు కనుక కమిలిందని గుర్తించం. చొక్కా తగిలితే భుజం మండడం, చర్మం బిగుసుకోవడం, నాలుగు రోజుల తర్వాత పొట్టు లేవడం, ఇవన్నీ కమిలిన గుర్తులే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, అది వేడి గురించిన మాట. చర్మం కమలడం వేడిని బట్టి ఉండదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. గుంటూరు, విజయవాడల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ. ఆగస్టులో గాలి చల్లగా ఉంటుంది, మబ్బు పడుతుంది, గొడుగు ఇంట్లో వదిలేస్తాం. పలచని మబ్బులోంచి 80 శాతం దాకా అతినీలలోహిత కిరణాలు దిగివస్తాయి. అర మీటరు లోతు నీళ్లలో కూడా పైనున్న తీవ్రతలో 40 శాతం ఉంటుంది. కృష్ణా ఘాట్లలో గంటల తరబడి ఈదులాడే పిల్లల వీపులు కమలడానికి కారణం ఇదే.

ఐసు, టూత్‌పేస్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఐసు నేరుగా పెడితే దెబ్బతిన్న చర్మం చలికి మళ్లీ కాలుతుంది. టూత్‌పేస్టు దాన్ని ఇంకా మండిస్తుంది.

ఇక క్యాన్సర్ భయం. ఆస్ట్రేలియాలోని నంబూర్ అనే ఊళ్లో 1992లో 1600 మందికి పైగా జనంతో పరీక్ష మొదలుపెట్టారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. అక్కడివారి చర్మం తెల్లనిది, మనకు ఆ క్యాన్సర్ ముప్పు తక్కువే. అయినా సన్‌స్క్రీనే క్యాన్సర్ తెస్తుందన్న మాటకు ఆ ఫలితం సూటిగా ఎదురు నిలుస్తోంది. డబ్బు పెట్టి కొనలేనివారు దిగులుపడనక్కర్లేదు, నిండు చేతుల నూలు చొక్కా ఎంతో కాపాడుతుంది.

ఎంత జాగ్రత్తపడినా కమిలితే, చల్లని నీళ్లలో పిండిన మెత్తని గుడ్డను పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచండి. రోజులో కొన్నిసార్లు అలా చేయండి. పెరట్లో కలబంద ఉంటే మట్ట కోసి, పసుపుపచ్చని జిగురు కారిపోయేదాకా నిలబెట్టి ఉంచండి, ఆ జిగురు దురద పెడుతుంది. తర్వాత కడిగి, లోపలి తెల్లని గుజ్జును ముందు మోచేతి మడత దగ్గర కొంచెం రాసి చూసి, పడితేనే వాడండి. పల్చని మజ్జిగ, నీళ్లు మామూలుకంటే ఎక్కువ తాగండి. సున్నిపిండి, శనగపిండి నలుగు చర్మం మానేదాకా పక్కన పెట్టండి. బొబ్బలు చిదమకండి, వాటి మీద పెరుగు, పసుపు, కలబంద ఏవీ వద్దు. బొబ్బలు ఒంట్లో ఎక్కువ భాగానికి పాకినా, జ్వరం, వణుకు, వాంతులు వచ్చినా, కమిలింది ఏడాది లోపు పసిబిడ్డకైనా అదే రోజు వైద్యుడికి చూపించండి. మనిషి తడబడి మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడుపుతూ 108కి ఫోను చేయండి.