ప్యాంటుకు పర్మిషన్

చరిత్ర పోలీసులకు ఎప్పుడూ న్యాయం చేయలేదు. ఫ్రెంచి చిత్రకారిణి రోజా బొనర్ గురించి రాసేవాళ్లంతా ఆవిడ గీసిన గుర్రాలను, ఎద్దులను, సింహాలను పొగిడి ఊరుకుంటారు. ఆవిడ కాళ్లకు ఏం తొడుక్కుందో అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్న పారిస్ పోలీసు శాఖకు మాత్రం ఒక్క మంచిమాట దక్కదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

1800 నవంబరులో పారిస్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్లెవరైనా మగవాళ్ల బట్టలు వేసుకోవాలంటే పోలీసు ఆఫీసుకు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. రోజాకు ఇచ్చిన పర్మిషన్లలో 1857 మే 12 నాటిది ఇప్పటికీ ఉంది. ముందే అచ్చేసిన ఫారం, మధ్యలో ఖాళీలు, అందులో చేతిరాతతో ఆవిడ పేరు, చిరునామా. కారణం: ఆరోగ్యం. గడువు: ఆర్నెల్లు. షరతు: ఆ వేషంలో నాటకాలకు, నాట్యాలకు, జనం కూడే చోట్లకు వెళ్లరాదు. గౌను ఈడ్చుకుంటూ గుర్రాల కాళ్ల మధ్య తిరిగితే ఆరోగ్యం ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి, డాక్టరుగారు రాసింది అబద్ధమని అనలేం.

అసలు తప్పు తల్లిదండ్రులది. 1822లో బోర్డోలో పుట్టిన ఈ పిల్లకు చదువు ఎక్కకపోతే, తల్లి ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ గీయించి నేర్పిందట. తల్లి పోయాక, తండ్రి బుద్ధిగా కుట్టుపనికి పంపించాడు. అదీ అబ్బలేదు. గౌను కుట్టడం రాని పిల్లను చివరికి ఆయనే, తనూ చిత్రకారుడే కాబట్టి, కుంచె పట్టించాడు. తర్వాత జరిగినదానికి పోలీసులను అంటే ఏం లాభం?

జంతువుల ఒళ్లు లోపల ఎలా ఉంటుందో తెలియకుండా పైన చర్మం గీయలేనని ఆవిడ పట్టుదల. అందుకే కబేళాలకు వెళ్లి, ఆ నెత్తురులో నిలబడి, ఎముక ఎక్కడ తిరుగుతుందో, కండ ఎక్కడ అతుక్కుంటుందో చూసి గీసుకునేది. అక్కడి మగవాళ్లు వెకిలి చేష్టలతో విసిగించారు. ఇక్కడే చట్టం గొప్పతనం గమనించాలి. ఆ వెకిలి చేష్టలకు ఏ పర్మిషనూ అక్కర్లేదు, ఏ డాక్టరూ సంతకం పెట్టక్కర్లేదు, ఆర్నెల్లకోసారి రెన్యువల్ గొడవ అంతకన్నా లేదు. కాగితం కావలసింది ప్యాంటుకే.

తర్వాత పారిస్ గుర్రాల సంత. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు, బేరగాళ్ల మధ్య మగవేషంలో. సంత మాత్రం జనం కూడే చోటు కాదా అని నన్ను అడక్కండి. అక్కడ కూడేది ముఖ్యంగా గుర్రాలు. అలా పుట్టిన ‘గుర్రాల సంత’ను 1853లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో పెట్టారు. ఎత్తు ఎనిమిది అడుగులు, వెడల్పు పదహారు అడుగుల పైచిలుకు. బలిసిన పెర్షెరాన్ జాతి గుర్రాలు, ముడివేసిన తోకలు, వెనక్కి లాగినా ఆగని మెడలు, కాళ్ల కింద లేచే దుమ్ము. ఆ గందరగోళం మధ్యలో గుర్రం మీదున్న ఒక ముఖం నేరుగా మనవైపు చూస్తుంటుంది. అది రోజానే అని కొందరు కళాచరిత్రకారుల వాదన. అదే నిజమైతే బొమ్మలోని మనిషికి పర్మిషన్ ఉందో లేదో పోలీసులు విచారించిన దాఖలా లేదు. ఇది మాత్రం నిర్లక్ష్యమే.

బొమ్మను సొంత ఊరు బోర్డోకు ఇస్తానంటే వాళ్లు వద్దన్నారు. గాంబార్ అనే వ్యాపారి 40,000 ఫ్రాంకులకు కొని ఇంగ్లండు తీసుకెళ్తే, విక్టోరియా మహారాణి ప్రత్యేకంగా తెప్పించుకుని చూసింది. చేతులు మారి మారి 1887లో అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. పారిస్ పోలీసుల పరిధి దాటిపోయిందన్నమాట.

1865లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అల్జీరియా వెళ్లినప్పుడు, రాజ్యం చూసుకుంటున్న ఆయన భార్య యూజెనీ మహారాణి స్వయంగా రోజా ఇంటికి వచ్చి, ఫ్రాన్స్ అత్యున్నత పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం తగిలించింది. ఆ గౌరవం అందుకున్న తొలి చిత్రకారిణి ఈవిడే. మగవాళ్ల పతకానికి మొగుడు ఊళ్లో లేని సమయం, మగవాళ్ల ప్యాంటుకు డాక్టరు చీటీ. ఏదైనా పద్ధతిగానే జరిగిందని ఒప్పుకోవాలి. ఫాంటేన్‌బ్లో అడవి పక్కన ఆ ఇంట్లో ఆవిడ సింహాలనూ పెంచింది.

ప్రభుత్వం మరీ మొండిదేం కాదు. 1892లోనూ 1909లోనూ సడలింపులు ఇచ్చింది: చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్లెమో ఉంటే ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవచ్చు. వదిలేస్తే మళ్లీ నేరం. రెండో సడలింపు వచ్చేసరికి, గుర్రాల విషయం అందరికన్నా బాగా తెలిసిన మనిషి చనిపోయి పదేళ్లయింది.

2013 జనవరిలో ఫ్రాన్స్ మహిళా హక్కుల మంత్రి ప్రకటించారు: ఆ ఉత్తర్వు రాజ్యాంగానికి విరుద్ధం కాబట్టి ఎప్పుడో తనంతట తానే రద్దయిపోయినట్టేనని. ప్యాంటు వేసుకోవడానికే డాక్టరు సర్టిఫికెట్ అడిగిన చట్టం అది. పాపం, దానికి డెత్ సర్టిఫికెట్ రాయడానికే అన్నేళ్లూ ఎవరికీ తీరిక చిక్కలేదు.