పాస్తా మానేద్దాం, పనిలో పడదాం

పాస్తా వల్ల ఇళ్లకు జరుగుతున్న నష్టం ఇంకా ఎవరికీ పట్టినట్టు లేదు. మరిగే ఉప్పునీళ్లలో ప్యాకెట్ కుమ్మరిస్తే పది నిమిషాల్లో ఉడికిపోతుంది. ఆ తర్వాత మనిషి ఏం చేస్తాడు? ఖాళీగా కూర్చుంటాడు. ఫోన్ చూస్తాడు. ఇంట్లోవాళ్ల సలహాలకు దొరికిపోతాడు. ఇంత తీరిక ఏ సంసారానికీ మంచిది కాదు. అందుకే పాస్తాకు బదులు ఇంట్లోనే సులువుగా చీజ్ ఉండలు చేసుకోమంటున్న మహానుభావులకు నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. సులువు అంటే పూటంతా పట్టే సులువు.

ఈ పోరాటంలో నేను మొదటివాణ్ని కాను. 1930 డిసెంబరులోనే ఇటలీలో మారినెట్టి అనే కవి పాస్తాను రద్దు చెయ్యాలంటూ ఏకంగా మేనిఫెస్టో విడుదల చేశాడు. అది తినీ తినీ జాతి బద్ధకంగా, నిరాశగా తయారవుతోందని ఆయన బాధ. ఇటలీ వాళ్లు వినలేదు సరికదా, ఆయనే స్పగెట్టి లాగిస్తున్నట్టున్న ఫొటో ఒకటి చక్కర్లు కొట్టింది. ఉద్యమాలకు ఫొటోగ్రాఫర్లు చేసినంత చెరుపు శత్రువులు కూడా చెయ్యరు.

నేను ఎంచుకున్న ఆయుధం రికోటా చీజ్‌తో చేసే న్యోకీ అనే ఉడికించిన ఉండలు. రోములో గురువారం అంటే న్యోకీ తినే రోజని ఆనవాయితీ. మిగతా ఆరు రోజులూ ఏం తింటారని అడక్కండి, ఉద్యమం నీరుగారిపోతుంది. టస్కనీ ప్రాంతంలో ఇందులోనే పాలకూర కలిపి న్యూడి అంటారు. అంటే ఒంటిమీద గుడ్డ లేనివని. రావియోలీ లోపల పెట్టే ముద్ద, పైన పిండి తొడుగు లేకుండా. తోపు పిండిలో ముంచని పూర్ణం అనుకోండి. అక్కడే సియెనా ఊరి వైపు వీటినే మల్ఫాట్టి అంటారు, అంటే సరిగ్గా చెయ్యనివి. చూడండి ఎంత ముందుచూపో! వంకరగా వచ్చినా, చితికినా పేరులోనే క్షమాపణ ఉంది. మన పెద్దలు మొదటి దోసెకు ఇలాంటి పేరొకటి పెట్టి ఉంటే ఎన్ని కొత్త కాపురాలు ప్రశాంతంగా ఉండేవో.

కొట్లో చిన్న రికోటా డబ్బా ధర చూశాక స్వయం సమృద్ధి మీద గౌరవం పెరిగింది. అసలు రికోటా అంటే మళ్లీ వండినది అని. చీజ్ తీశాక మిగిలిన నీళ్లను మళ్లీ కాచి తీస్తారు. మన ఇళ్లలో మొదటి వంటే లేదు కాబట్టి నేరుగా పాలు విరగ్గొట్టడమే దారి. లీటరున్నర పాలు మరిగించి నిమ్మకాయ పిండాను. వాసనకు అత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చారు.

"అయ్యో, విరిగిపోయాయా అల్లుడుగారూ? పొద్దున తెచ్చిన ప్యాకెట్లేగా!"

"నేనే విరగ్గొట్టానండీ."

నలభై ఏళ్లుగా గిన్నెలు తోమించి, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు చూసి, పాలు విరక్కుండా కాపాడుకొస్తున్న మనిషి. నా వైపు చాలాసేపు చూశారు. "పోన్లెండి, పంచదార వేసి కోవా చేసేస్తాను" అని నన్నే ఓదార్చారు.

"కోవా కాదండీ, న్యూడి."

"అంటే?"

పెద్దావిడకు అర్థం విప్పి చెప్పలేక "ఇటలీ ఉండ్రాళ్లు" అన్నాను.

పాత పంచె ముక్కలో మూటకట్టి కుళాయికి వేలాడదీశాను. ఇది వేలాడే గంట రెసిపీ లెక్కలోకి రాదు. అది చీజ్ పడే శ్రమ, మనది కాదు. తర్వాత పావుకిలో ముద్దలో ఒక గుడ్డు సొన (ఇక్కడ అత్తగారు వంటింట్లోంచి నిష్క్రమించారు), గుప్పెడు పార్మెజాన్ చీజ్ తురుము, చిటికెడు జాజికాయ పొడి, తగినంత మైదా. ఆ 'తగినంత' దగ్గరే బతుకు తెల్లారుతుంది. తక్కువైతే ఉండ నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువైతే గోలీ అవుతుంది. రెండింటికీ మధ్య ఉన్నది రెండు చెంచాల తేడా. నా ముద్ద మాత్రం వేళ్లను వదిలిపెట్టనని భీష్మించుకుంది. ఒక చేత్తో రెండో చెయ్యి గోకుతుంటే అది ఇటు, ఇది అటు అంటుకుంది. ఆ సమయంలోనే ఫోన్ మోగింది. చూశారా, తీరిక సమస్య ఎలా తీరిపోయిందో.

ఉడికిన ఉండ దానంతటదే పైకి తేలుతుందన్నారు. పద్దెనిమిది వేశాను. ఆరు తేలాయి. మిగతా పన్నెండు గిన్నెలోని నీళ్లను పలచని మజ్జిగ చేసి అమరులయ్యాయి. తేలిన ఆరింటినీ వెన్నలో దొర్లించాను. సేజ్ ఆకు వెయ్యమన్నారు, మా వీధిలో దొరికేది కరివేపాకే కాబట్టి అదే వేశాను. రుచి, నిజం చెప్పొద్దూ, అద్భుతం. అయితే అత్తగారు కాక తినేవాళ్లం నలుగురం ఉన్నాం, అందులో ఇద్దరు ఎదిగే పిల్లలు.

మా ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా పక్క పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టింది. పది నిమిషాల్లో పాస్తా ఉడికింది. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను. వంటింటి కిటికీ తెర వేసే ఉంది. ఫొటో ఎవరూ తియ్యలేదు.