చచ్చింది ఆవిడ, తేడా ఈయనకి

డిగ్రీలో ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ లూసీ అనే పిల్ల మీద రాసిన పద్యాల్లో ఒకటి చెప్పేటప్పుడు మా ఇంగ్లీషు సారు గొంతు ప్రత్యేకంగా బొంగురు చేసుకునేవారు. ఉన్నదే పన్నెండు లైన్లు. ఎక్కడో నీటి బుగ్గల దగ్గర ఓ పిల్ల ఎవరికీ పట్టకుండా బతికింది, పోయింది. ఏం జబ్బో, ఇంట్లో ఎవరున్నారో మనకి తెలీదు. ఆఖరికి తేలిందేమిటయ్యా అంటే, 'నాకెంత తేడానో!' అని. నాకు! చచ్చింది ఆవిడ, తేడా ఈయనకి.

అందమైన స్త్రీ చావుని మించిన కవితావస్తువు లోకంలో లేదని, అది చెప్పడానికి తగిన నోరు ఆమె ప్రియుడిదేనని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో కిరాణా చీటీ రాసినంత తాపీగా రాసిపెట్టాడు. అందగత్తె ఒకటి, చచ్చినది. ఏడ్చేవాడు ఒకడు, బతికున్నవాడు.

అన్నిట్లోకీ నాకిష్టమైన సీను ఇంకో లూసీ పద్యంలో ఉంది. వెన్నెల్లో గుర్రమెక్కి కవి లూసీ ఇంటికి వెళ్తుంటాడు, చూపంతా చంద్రుడి మీదే, సగం నిద్ర, దారి చూసుకునే పని గుర్రానిది, ఇంతలో చంద్రుడు ఆమె ఇంటికప్పు వెనక్కి దిగిపోతాడు, అంతే, 'అయ్యో, లూసీ గనక చచ్చిపోయి ఉంటే!' చంద్రుడు కప్పు వెనక్కి పోతే మనిషి పోతుందా నాయనా? లోపల ఆ పిల్ల బంగాళాదుంపలు తొక్క తీస్తూ ఉండొచ్చు. తలుపు కొడితే తీస్తుంది. తీస్తే కవిత్వం పోతుంది, అదీ భయం. 1798 చలికాలంలో జర్మనీలోని గోస్లార్‌లో వర్డ్స్‌వర్త్ ఈ పద్యాలు రాస్తున్నప్పుడు చెల్లెలు డోరతీ పక్కనే ఉంది. ఇంకో లూసీ పద్యం చూసి, బహుశా చెల్లెలు చచ్చిపోయినట్టు ఊహించుకుని రాశాడేమోనన్నాడు స్నేహితుడు కోల్‌రిడ్జ్. పరాయి దేశంలో తోడున్నందుకు బహుమానం కాబోలు.

సరే, ఊహల్లో చచ్చినవాళ్లని వదిలేద్దాం. నిజంగా చచ్చిన హ్యారియట్ సంగతేంటి? పదహారేళ్ల పిల్లని 1811లో లేవదీసుకెళ్లి పెళ్లాడాడు ఇంకో ఇంగ్లీషు కవి షెల్లీ. 1814లో, ఆమె రెండో కాన్పుకి కడుపుతో ఉండగా, మేరీ అనే ఇంకో అమ్మాయితో వెళ్లిపోయాడు. 1816 డిసెంబరు 10న లండన్ సర్పెంటైన్ సరస్సులో హ్యారియట్ శవం తేలింది. ఇరవయ్యొక్కేళ్లు. డిసెంబరు 30న ఈయన మేరీ మెళ్లో ఉంగరం కాదు, వేలికి ఉంగరం తొడిగాడు, కోపంలో నాకు పెళ్లి తంతులు కూడా కలిసిపోతున్నాయి. ఇరవై రోజులు! మనం పెద్దకర్మ అయ్యేదాకా గడప దాటడానికి ఆలోచిస్తాం. తోటి కవి కీట్స్ పోతే ఇదే మనిషి 55 చరణాల పద్యం కట్టి లోకాన్నంతా ఏడవమన్నాడు. పెళ్లానికి అందులో పదోవంతైనా?

ఆమె గురించి టైమ్స్ పత్రిక రాసిన చిన్న వార్తలో పేరు కూడా లేదు. గౌరవప్రదమైన స్త్రీ, నిండు గర్భిణి, వేలికి ఖరీదైన ఉంగరం.